మహమ్మారి కాలమున ప్రజలు ఆరోగ్య నియమములను ఏల పాటింతురు? : తోరణగల్లు చెప్పు పాఠము

బళ్ళారి నుండి హోసపేటకు పోవు రైలుమార్గమున, సండూరు తాలూకాలో తోరణగల్లు అను ఊరు కలదు. ఇనుపఖనిజపు కొండల నీడలో చిన్న పల్లెగా ఉండిన ఈ స్థలమున విజయనగర ఉక్కు కర్మాగారమునకు 1971లో నాటి ప్రధానమంత్రి ఇందిరా గాంధీ శంకుస్థాపన చేసిరి. ఆ ప్రభుత్వరంగ యత్నము చిరకాలము రూపు దాల్చలేదు. 1994లో జిందాల్ వారి సంస్థ ఏర్పడిన పిమ్మటనే అచట కొలుములు వెలిగినవి. నేడు తోరణగల్లు దేశములోని మిక్కిలి పెద్ద ఉక్కు కేంద్రములలో నొకటి. ఇంటిలో తెలుగు, బడిలో కన్నడము పలుకు కుటుంబములకు తోడు, ఉత్తరాది నుండియు ఒరిస్సా నుండియు వచ్చిన కార్మికులు వేలకొలది అచట నివసించుచున్నారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమునకు, మిగిలిన బళ్ళారి ప్రాంతము మైసూరునకు పోయినను, ఈ సీమ తెలుగుజనుల బంధుత్వములు, రాకపోకలు మాత్రము ఎల్లలను పాటింపలేదు.

ఇట్టి చోట అంటువ్యాధి ప్రవేశించినప్పుడు ప్రభుత్వము చెప్పిన నియమములను ఎవరు పాటించిరి, ఎవరు పాటింపలేకపోయిరి, అట్లగుటకు కారణములేవి అను ప్రశ్న తోరణగల్లునకు మాత్రమే సంబంధించినది కాదు. "జనులు మూర్ఖులు, చెప్పినను వినరు" అని అధికారులును, "పైవారికి మన కష్టము తెలియదు" అని జనులును అనుకొనుట అన్ని మహమ్మారులయందును వినవచ్చిన మాటయే. ఈ రెండు మాటలలో ఏది ఎంతవరకు నిజమో విచారించుటయే ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది.

1. తోరణగల్లున జరిగినది

కోవిడ్ వ్యాధి భారతదేశమున మొదటిసారిగా 2020 జనవరి 30న కేరళమున గుర్తింపబడినది. దేశమున ఆ వ్యాధి వలన నమోదైన మొదటి మరణము అదే సంవత్సరము మార్చి నెలలో కర్ణాటకమునందలి కలబురిగిలో సంభవించెను. మార్చి 25 నుండి దేశమంతటను లాక్‌డౌన్ అమలులోనికి వచ్చినది. ఆ తొలి మాసములందు తోరణగల్లున వ్యాధి అంతగా కనబడలేదు. జూన్ మొదటి వారమున ఉక్కు కర్మాగారపు ఉద్యోగులలో అది బయటపడినది. ఆ నెల ముగియకముందే రోగుల సంఖ్య వందలకు పెరిగినది. బళ్ళారి జిల్లా పేరు రాష్ట్రపు పత్రికలలో ప్రతిదినము కనబడజొచ్చినది. ఉద్యోగులలో అధికభాగమును ఇండ్లయందే నిలిపి, తక్కువ సిబ్బందితో పని నడుపుటకును, కర్మాగార ప్రాంతమునకు రాకపోకలను కట్టడి చేయుటకును ఏర్పాట్లు జరిగినవి.

ఇచట ఒక విషయము గమనింపదగినది. ఉక్కు కర్మాగారము బట్టలకొట్టు వంటిది కాదు. తలుపు వేసి తాళము పెట్టి పోవుటకు వీలులేదు. ఊదుకొలిమిని, బొగ్గును కోకుగా మార్చు బట్టీలను ఉన్నట్టుండి చల్లార్చినచో అవి పాడగును. కనుక "ఇంట నుండుడు" అను ఆజ్ఞ ఆఫీసులో కాగితముల పని చేయువానికి ఒక విధముగను, కొలిమి యొద్ద నిలుచువానికి మరియొక విధముగను వినబడును. ఆజ్ఞ యొక్కటే. పాటించు శక్తి మాత్రము అందరికి సమానము కాదు.

2. ప్లేగు నాటి పాఠము

బళ్ళారి సీమకు ఇట్టి అనుభవము క్రొత్తది కాదు. 1896లో బొంబాయిలో పొడసూపిన ప్లేగు వ్యాధి రైలు మార్గముల వెంబడి దక్కనులోనికి దిగి, 1898 నాటికి బళ్ళారి ప్రాంతమును తాకినది. వ్యాధిని అరికట్టుటకై నాటి ప్రభుత్వము 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టమును చేసెను. ఇల్లిల్లు సోదా చేయుటకును, రోగులను ఆసుపత్రులకును, వారి కుటుంబములను వేరు శిబిరములకును తరలించుటకును, ప్రయాణికులను నిలిపి పరీక్షించుటకును అధికారులకు విశేషాధికారములు లభించినవి. పూనాలో సైనికులు ఇండ్లలోనికి చొరబడి, వంటిండ్లను, పూజగదులను త్రొక్కి, స్త్రీలను వెలుపలికి రప్పించి పరీక్షించిరన్న ఆగ్రహము ప్రజ్వరిల్లెను. 1897 జూన్ 22న ప్లేగు అధికారి రాండు చాపేకర్ సోదరుల కాల్పులకు గురియై, పిమ్మట మరణించెను. మైసూరు సంస్థానమునందలి శ్రీరంగపట్టణము సమీపమున గంజాములో 1898లో ప్లేగు నిబంధనలను ఎదిరించి జనులు తిరుగబడిరి. రోగులను దాచుట, శవములను రహస్యముగా పాతిపెట్టుట, అధికారి వచ్చుచున్నాడనగానే ఊరు విడిచి పోవుట సామాన్యమయ్యెను.

దీనిని బట్టి ఆ జనులు ఏ నియమమునకును లోబడనివారని తలచుట పొరపాటు. ఆ కాలముననే దక్కను పల్లెలలో ఇంకొక ఆచారము వ్యాపించినది. ఇంటిలో ఎలుకలు రాలిపడుట చూచిన వెంటనే జనులు ఊరు వదలి, పొలములలో పాకలు వేసికొని వారముల తరబడి కాపురముండిరి. ఇంటిని విడుచుట సులభమైన పని కాదు. ధాన్యము, పశువులు, ముసలివారు, పసిపిల్లలు, చలి, దొంగలభయము అన్నియు ఉన్నవి. అయినను వారు ఆ కష్టమునకు ఓర్చిరి. కారణములను వెదకినచో నాలుగు కనబడును. ఎలుక చచ్చుటయు మనిషి చచ్చుటయు ఒకదాని వెంట నొకటి వచ్చుట వారు కన్నులార చూచిరి. ఊరు విడిచినవారు బ్రదుకుటయు చూచిరి. ఆ పని చేయుటకు పొలము చేరువనే ఉండెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఊరివారందరును కలిసి పోయిరి. ఒక్క కుటుంబమును వేరు చేసి బండి యెక్కించుకొని పోలేదు. అదే జనులు, అదే వ్యాధి. ఒక నియమమును రాళ్ళతో ఎదుర్కొనిరి, మరియొక దానిని తమకు తాముగా అవలంబించిరి. నియమము ఎట్టిదో, ఎట్లు వచ్చినదో ప్రధానమని దీని వలన తేటపడుచున్నది. కాలక్రమమున ప్రభుత్వము కూడ బలాత్కారమును సడలించి, ఊరు ఖాళీ చేయుటను, ఇచ్ఛాపూర్వకముగా టీకా వేయుటను ఆశ్రయింపవలసి వచ్చినది.

3. భయము ఒక్కటియే చాలదు

1950 ప్రాంతమున అమెరికా ప్రజారోగ్య శాఖ వారికి ఒక చిక్కు ఎదురైనది. క్షయను ముందుగా కనిపెట్టుటకై ఉచితముగా ఛాతీకి ఎక్సురే తీయు బండ్లను వీధివీధికి పంపినను, జనులు అనుకొన్నంతగా రాలేదు. డబ్బు అడుగలేదు, దూరము పోనక్కరలేదు, అయినను రాకుండుటకు కారణమేమి? హాక్‌బాం, రోజెన్‌స్టాక్ మొదలగు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నను పరిశీలించి, "ఆరోగ్య విశ్వాస సిద్ధాంతము" అనదగిన వాదమును రూపొందించిరి. హాక్‌బాం 1958లో ప్రకటించిన ఫలితములను బట్టి, "క్షయ నాకును రావచ్చును", "ముందుగా కనిపెట్టిన మేలు కలుగును" అను రెండు నమ్మకములును గలవారిలో నూటికి 82 మంది పరీక్ష చేయించుకొనిరి. ఆ రెండును లేనివారిలో నూటికి 21 మంది మాత్రమే చేయించుకొనిరి.

ఈ సిద్ధాంతసారము ఇది. వ్యాధి తనకు రావచ్చునని తోచవలెను. వచ్చిన కీడు గొప్పదని తోచవలెను. చెప్పిన పని చేసిన మేలు కలుగునని నమ్మకముండవలెను. ఆ పనికి అడ్డుగా నున్న కష్టము ఆ మేలు కంటె చిన్నదిగా కనబడవలెను. చివరకు, "ఇప్పుడు చేయుము" అని తట్టి లేపు ఒక ప్రేరణ కావలెను. ఈ పని నేను చేయగలనను ఆత్మవిశ్వాసమును గూడ తరువాతివారు ఇందు చేర్చిరి.

2020 మార్చిలో ఆంధ్ర, తెలంగాణ పల్లెలు పెక్కింటిలో జనులు తమంత తామే ఊరి పొలిమేరలో ముళ్ళకంపలు అడ్డము వేసి, దండోరా వేయించి, క్రొత్తవారిని రానీయలేదు. ఇది నియమపాలనమునకు గొప్ప ఉదాహరణముగా పొగడబడినది. కాని కంపకు లోపలివైపున ఆ జనులే రచ్చబండ మీద గుంపుగా కూర్చుండుట కూడ చూచినదే. ప్రమాదము వెలుపలి నుండి వచ్చునను తలంపు బలముగా నుండెను. తనవానినుండి రావచ్చునను తలంపు లేకుండెను. పరుల మీద విధించు నియమము తేలిక, తన మీద విధించుకొను నియమము బరువు. పొట్టకూటికై పట్టణము పోయి తిరిగివచ్చిన ఊరిబిడ్డయే ఆ కంపకు ఆవల నిలువవలసి వచ్చినప్పుడు, భయమునకు తోడు వివేకము లేకున్న కలుగు అనర్థము తెలియవచ్చినది.

4. పాటించుటకు వీలుండవలెను

"చేతులు కడుగుకొనుడు, దూరముగా మెలగుడు, జ్వరము తగిలిన ఇంట నుండుడు" అను మూడు మాటలు వినుటకు ఎంతయో సులభము. ఒక చిన్న గదిలో పలువురు కలిసి వంట చేసికొని పండుకొను కార్మికునకు దూరమెక్కడిది? వీధికొళాయి వద్ద బిందెల వరుసలో నిలుచు ఇల్లాలికి మాటిమాటికి చేతులు కడుగుటకు నీరెక్కడిది? రోజుకూలి వాడు జ్వరమని చెప్పినచో ఆ దినపు కూలియే కాక, మరునాటి పనియు పోవునని భయపడును. అట్టివాడు జ్వరమును దాచుట మూర్ఖత్వము కాదు. అది వాని లెక్క. ఆ లెక్క మార్చవలెనన్న ఉపన్యాసము చాలదు. సెలవునకు కూలి, వేరుగా నుండుటకు గది, ఇంటికి బియ్యము పప్పు కావలెను.

సూసన్ మిచీ మున్నగు పరిశోధకులు 2011లో ఈ సంగతినే శాస్త్రరీతిగా చెప్పిరి. ఏ ప్రవర్తనకైనను సామర్థ్యము, అవకాశము, ప్రేరణ అను మూడును కావలెనని వారి మతము. అధికారులు సాధారణముగా ప్రేరణ మీదనే, అనగా భయపెట్టుట, బ్రతిమాలుట అను వాని మీదనే దృష్టి నిలుపుదురు. అవకాశము లేని చోట ప్రేరణ ఎంత పెంచినను అది దుఃఖముగానో, కోపముగానో మారునే కాని ఆచరణగా మారదు. 2020 వసంత గ్రీష్మములలో కాలినడకను స్వగ్రామములకు బయలుదేరిన లక్షలాది వలసకూలీలు లాక్‌డౌన్‌ను ధిక్కరింప దలచినవారు కారు. పని, కూలి, నీడ మూడును ఒక్క రాత్రిలో పోయిన పిదప వారికి నిలుచుటకు చోటు లేకపోయినది.

భాష కూడ అవకాశములో భాగమే. తోరణగల్లు వంటి చోట కన్నడములో అచ్చువేసిన ప్రకటన ఒరియా కార్మికునకు గోడమీది బొమ్మ వంటిదే. తెలుగు తప్ప చదువనేరని ముసలమ్మకు దండోరాయే పత్రిక. 2020లో పశ్చిమ బెంగాలున, 2019 నాటి నోబెల్ బహుమాన గ్రహీత అభిజిత్ బెనర్జీ వంగభాషలో పలికిన చిన్న వీడియో సందేశములను కోట్లకొలది జనులలో పెక్కుమందికి ఫోనుల మూలమున పంపగా, వ్యాధి లక్షణములను ఆరోగ్య కార్యకర్తలకు తెలుపుట సుమారు రెట్టింపైనదని ఆయనయు ఆయన సహచరులును ప్రకటించిరి. తమ సొంత భాషలో, తాము గౌరవించు మనిషి నోట వచ్చిన మాటకు గల బలము అట్టిది.

5. నమ్మకమను మూలధనము

టాం టైలర్ అను అమెరికను పండితుడు షికాగో నగరవాసులను ప్రశ్నించి, "ప్రజలు చట్టమును ఏల పాటింతురు" అను విషయమున 1990లో ఒక గ్రంథము ప్రకటించెను. శిక్షాభయము కంటె, అధికారము న్యాయమైనదనియు, తమ్ము మర్యాదతో చూచుచున్నదనియు కలుగు విశ్వాసమే జనులను చట్టమునకు కట్టుబడునట్లు చేయునని ఆయన తేల్చెను. శిక్షకు పోలీసు ఎదుట నుండవలెను. విశ్వాసము ఒంటరిగా నున్న ఇంటిలో కూడ పని చేయును. అంటువ్యాధి నియమములలో పెక్కింటిని నాలుగు గోడల నడుమ పాటింపవలసి యుండుటచే ఈ భేదము మిక్కిలి ముఖ్యము.

నమ్మకము చేరుటకు ఏండ్లు పట్టును, చెదరుటకు ఒక్క దినము చాలును. 1897 జనవరిలో హాఫ్కిన్ పండితుడు తాను కనిపెట్టిన ప్లేగు టీకాను తన శరీరముననే ప్రయోగించుకొని జనుల నమ్మకమును చూరగొనెను. 1902లో పంజాబునందలి ముల్కోవాలు గ్రామమున ఆ టీకా వేయించుకొన్న 107 మందిలో 19 మంది ధనుర్వాతమున మరణించిరి. ఒక్క సీసాలోని మందు కలుషితమగుటయే కారణమని తేలి, 1907 నాటికి హాఫ్కిన్ నిర్దోషిగా నిర్ణయింపబడినను, నడుమ సంవత్సరములలో టీకా మీది విశ్వాసము గొప్ప దెబ్బ తిన్నది.

బళ్ళారికి కూడ అట్టి దినమొకటి వచ్చినది. కోవిడ్ వలన మరణించిన వారి దేహములను సిబ్బంది ఒక గోతిలోనికి విసరి వేయుచున్న చలనచిత్రము 2020 జూన్ 30న దేశమంతట ప్రాకినది. జిల్లా యంత్రాంగము తప్పును దాచలేదు. డిప్యూటీ కమిషనరు బహిరంగముగా క్షమాపణ చెప్పి, ఆ బృందమును ఆ పని నుండి తొలగించిరి. ఇట్టి దృశ్యము యొక్క ఫలితము శ్మశానముతో ఆగదు. మన సమాజమున మట్టి మర్యాదగా కలియుట బ్రదుకంత ముఖ్యము. ఆసుపత్రికి పోయినచో తన తండ్రికి అట్టి గతి పట్టునేమో యని శంకించినవాడు తండ్రి జ్వరమును పొరుగువానికి కూడ తెలియనీయడు. కనుక శవమునకు మర్యాద చేయుట కరుణ మాత్రమే కాదు, రోగనివారణోపాయము కూడ. క్షమాపణ చెప్పుటయు అట్టిదే. తప్పు జరిగినప్పుడు ఒప్పుకొన్న అధికారి మాటను రేపు వినుటకు జనులకు ఒక కారణముండును.

నియమము చేసినవారే దానిని మీరినచో కలుగు నష్టమును ఇంగ్లండు అనుభవించినది. 2020 మే నెలలో ప్రధానమంత్రి ముఖ్య సలహాదారు లాక్‌డౌన్ కాలమున దూరప్రయాణము చేసిన సంగతి బయటపడగా, ప్రభుత్వము మీద ప్రజల విశ్వాసము అచట వెంటనే దిగజారెనని లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటింపబడిన పరిశోధన తెలిపినది. పెద్దల పెండ్లికి వేయిమంది, పేదవాని పెండ్లికి ఏబదిమంది అను నియమము ఎచ్చటను నిలువదు.

6. పొరుగువాని ప్రభావము

మనిషి తన తలంపుతో ఎంత నడచునో, పదిమంది నడతను చూచి అంతకంటె ఎక్కువగా నడచును. వీధిలో అందరును మాస్కు ధరించినప్పుడు లేనివాడు సిగ్గుపడును. ఎవరును ధరింపనప్పుడు ఉన్నవాడు జేబులో దాచుకొనును. బంగ్లాదేశమున 2020 చివర నుండి 2021 వరకు 600 గ్రామములలో, మూడు లక్షల నలుబది వేలకు పైబడిన జనుల నడుమ ఈ విషయము పరీక్షింపబడినది. ఇంటింటికి ఉచితముగా మాస్కులిచ్చుట, వాని ప్రయోజనమును తెలుపుట, వీధిలో సంతలో ఎదురైనప్పుడు మర్యాదగా గుర్తుచేయుట, మసీదు ఇమాములు, గ్రామపెద్దలు తాము ధరించి చూపుట అను నాలుగు పనులు కలిపి చేయగా, మాస్కు సరిగా ధరించువారు నూటికి 13 నుండి 42 వరకు పెరిగిరి. ఫోనులో సందేశములు పంపుటయు, బహుమానములు చూపుటయు అంతకు మించి చెప్పదగిన లాభము చేకూర్పలేదు. చేతికి వస్తువు అందినది, ఎదుట మనిషి నిలిచి "అయ్యా, ముక్కు మీదికి లాగుకొనుడు" అని మర్యాదగా చెప్పినాడు. ఆచరణ పెరుగుటకు అది చాలినది.

తోరణగల్లు వంటి శ్రామిక కేంద్రమున ఈ పాఠమునకు విశేష ప్రయోజనము కలదు. కర్మాగారమున ఇనుపటోపి, రక్షణ పాదరక్షలు లేనిదే ఎవరును లోపలికి పోరు. ఆ అలవాటు జరిమానా వలన మాత్రమే నిలువలేదు. మేస్త్రీ ధరించును, తోటివాడు ధరించును, లేకున్న "టోపీ ఏది అన్నా?" అని ప్రక్కవాడే అడుగును. ప్రమాదరక్షణమున ఏండ్ల తరబడి అలవడిన ఈ పరస్పర హెచ్చరికను వ్యాధిరక్షణమునకు మరల్చుట, క్రొత్త ఆజ్ఞను పుట్టించుటకంటె తేలిక.

7. కాలము గడచిన కొలది

మొదటి నెలలో పాటించినవారు ఆరవ నెలలో ఏల సడలింతురు? అలసట యని ఒక్కమాటలో చెప్పుట కలదు. కాని పెక్కు దేశముల సమాచారమును సరిచూచి 2021లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ఇందొక సూక్ష్మమును చూపినది. దూరము పాటించుట వంటి ఖరీదైన నియమములు కాలక్రమమున సడలినవి. మాస్కు ధరించుట వంటి చవకైన నియమములు అలవాటుగా మారి, పెరిగినవి కూడ. కావున దీర్ఘకాలము నడువవలసిన నియమమును వీలైనంత చవకగా చేయుటయు, ఖరీదైన దానిని అవసరమైన దినములకు మాత్రము దాచుకొనుటయు వివేకము.

2021 వేసవిలో రెండవ కెరటము వచ్చునప్పటికి దేశమంతట జాగ్రత్త సడలి యుండెను. ప్రాణవాయువు కొరకు నగరములు అల్లాడిన ఆ దినములలో తోరణగల్లు వేరొక విధముగా వార్తలకెక్కినది. ఉక్కు తయారీకై నెలకొల్పిన ప్రాణవాయు యంత్రములు రోగుల కొరకు పనిచేసినవి. కర్మాగార సమీపముననే, ప్రాణవాయువును గొట్టముల ద్వారా నేరుగా పడకలకు అందించు తాత్కాలిక ఆసుపత్రి మే నెలలో తెరువబడినది. ఒక సంవత్సరము క్రితము పొరుగూళ్ళు జడిసిన చోటికే ఊపిరి కొరకు రోగులు వచ్చిరి. ఊరికి ఒకసారి తగిలించిన మచ్చ శాశ్వతము కాదనుటకు ఇంతకంటె నిదర్శనము కావలయునా?

8. ముగింపు

పై విచారణ వలన తేలిన సంగతులివి. జనులు నియమమును పాటించునది భయము వలన మాత్రము కాదు, శిక్ష వలన అంతకంటె కాదు. కీడు తనకును తగులునని తెలిసి, చేసిన పని మేలొసగునని నమ్మి, చేయుటకు వీలుండి, చెప్పినవానిపై విశ్వాసముండి, పొరుగువాడును చేయుచున్నప్పుడు పాటింతురు. ఈ అయిదింటిలో ఏది లోపించినను నియమము కాగితము మీదనే నిలిచిపోవును. ప్లేగు నాడు పొలములో పాక వేసికొన్న రైతునకు అయిదును సమకూడినవి. పూనా వీధులలో సోదాకు గురియైన గృహస్థునకు ఒక్కటియు సమకూడలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినట్లు 2023 మే 5న ప్రకటించినది. మరియొక మహమ్మారి రాదని ఎవరును చెప్పజాలరు. అది వచ్చిన దినమున నమ్మకమును క్రొత్తగా కొని తెచ్చుటకు అంగడి యుండదు. తెలుగు సంఘములు, గ్రామపెద్దలు, ఉపాధ్యాయులు, ఆశా కార్యకర్తలు, కార్మిక మేస్త్రీలు ఇప్పటినుండియే తమ వీధిలో ఎవరు ఒంటరి, ఎవరు రోజుకూలి, ఎవరికి ఏ భాష తెలియునో యెరిగి యుండుట మేలు. వ్యాధి ప్రబలిన నాడు తలుపు తట్టి "జ్వరము దాచకుము, నీ ఇంటికి బియ్యము మేము తెత్తుము" అని చెప్పగల పొరుగువాడు ఉన్న ఊరిలో, ప్రభుత్వపు ఆజ్ఞ కూడ తేలికగా నడచును.